కళ్ళు మూసుకోని మేట్రనమ్మ

మొన్న చేజర్లలో తెలిసినవాళ్ళ కొత్తింటి ప్రార్థనకు వెళ్ళాను. పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను తల మాత్రమే వంచాను. కళ్ళు మూసుకునే అలవాటు నాకు పోయి చాలా ఏళ్ళయింది. ఎవరెక్కడ కూర్చున్నారో, వాకిలి ఎటువైపు ఉందో, నా చెప్పులు ఏ మూల విడిచానో చూసుకుంటూ కూర్చున్నాను. ఎదురుగా చాప మీద ఐదారేళ్ళ పిల్ల ఒకతె కూడా కళ్ళు తెరుచుకునే ఉంది. నన్నే చూస్తోంది. ప్రార్థన అయ్యాక దగ్గరికొచ్చి, "తాతా, నువ్వు కళ్ళు మూసుకోలా. నేను చూసినాను" అంది.

వాళ్ళమ్మ నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను. కానీ 'నేను చూసినాను' అనే మాట మాత్రం నాకు నవ్వులాట కాదు. పసిపిల్ల నోటి నుంచి వచ్చినా సరే, ఆ మాట నన్ను తీసుకెళ్ళి ఒక ఆసుపత్రి వరండాలో నిలబెడుతుంది. ఆ వరండాలో మేట్రనమ్మ ఉంటుంది. ప్రార్థనలో ఆవిడా కళ్ళు మూసుకునేది కాదు.

ఆత్మకూరు దగ్గర, రోడ్డుకు కాస్త లోపలగా, ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు, పేరు చెప్పను. తొంభైల మొదట్లో నేను అందులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. రోగుల దగ్గర రక్తం తీయడం, గాజుపలక మీద పూసి మైక్రోస్కోపు కింద మలేరియా వెతకడం, చక్కెర ఎంతుందో చూసి చెప్పడం నా పని. నర్సులకూ ఆయాలకూ పైన మేట్రనమ్మ. కాగితం మీద ఆవిడ పెత్తనం నర్సుల వరకే. కానీ ఆసుపత్రిలో ఆవిడకు భయపడనివాళ్ళు ఎవరూ లేరు, డాక్టరుగారితో సహా.

గంజి పెట్టిన తెల్లచీర. కుడి భుజం దగ్గర పిన్నుతో తగిలించుకున్న చిన్న గడియారం. నడుముకు తాళాల గుత్తి. ఆ గుత్తి చప్పుడు కాకుండా ఎడమచేత్తో పట్టుకుని నడిచేది. ఆవిడ వస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదని. మంచం కోడు కింద వేలు పెట్టి రాసి, ఆ వేలిని ఆయా ముక్కు ముందు పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయేది. తిట్టినా బాగుండేదని ఆయాలు ఏడ్చేవాళ్ళు.

ఎవరినీ పేరుతో పిలిచేది కాదు. మందులిచ్చేవాడు 'ఫార్మసీ', వంటామె 'కిచెను', వ్యాను నడిపేవాడు 'వ్యాను'. నేను 'ల్యాబు'. చేరిన కొత్తలో నాకు రోషం వచ్చి, నా పేరు ఇదమ్మా అని చెప్పాను. "తెలుసులేరా. పేరు పెట్టి పిలిస్తే చుట్టరికం కలుస్తాది. చుట్టరికం కలిస్తే తిట్టేదానికి నోరు రాదు" అంది. ఒకసారి ఎవరిదో పెళ్ళి విందులో కూడా, "ఏమి ల్యాబూ, ఇంకొంచెం కూర వేయించుకోరాదా" అని అరిచేసరికి పెళ్ళివారు తిరిగి చూశారు.

రోజూ పొద్దున డ్యూటీ ఎక్కేముందు వరండాలో అందరం నిలబడి ప్రార్థన చేసేవాళ్ళం. ఒక్కో రోజు ఒక్కొక్కరి వంతు. ప్రార్థన ముగించేవాళ్ళు ఆమెన్ అనగానే అందరం ఆమెన్ అనేవాళ్ళం. చిన్నప్పటి నుంచీ వచ్చిన అలవాటు. నిద్రలో ఉన్నా ఎవరైనా ఆమెన్ అంటే మా నోరు ఆమెన్ అంటుంది. అందరికంటే చివర మేట్రనమ్మ అనేది. ఆ వెంటనే, "డ్యూటీకి" అనేది. ఆ రెండు మాటలూ కలిపి ఒకే మాటలాగా ఉండేవి.

ఆవిడ కళ్ళు ఎందుకు మూసుకోదో మా పాత ఆయా ఒకామె చెప్పింది. ఆవిడ కొత్తగా నర్సయిన రోజుల్లో వార్డులో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, మొన్ననే కాన్పయిన ఒక పిల్ల మంచం మీద నెత్తురు పోయి చనిపోయిందట. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి దుప్పటంతా ఎర్రగా ఉందట. అప్పటి నుంచి ఆవిడ కళ్ళు మూయలేదు. దీన్ని తప్పుగా తీసుకున్న అయ్యగార్లు ఒకరిద్దరు అడిగితే, "దేవుడు చూస్తా ఉండాడు. నేనూ చూస్తా ఉండాను" అనేదట. ఆ మాట మాకందరికీ ఏదో ఒకరోజు పడేది. మిగతావాళ్ళకది బెదిరింపు. నాకు మాత్రం చావుకబురులాగా ఉండేది.

ఎందుకో చెప్పాలి. నేను మగవాళ్ళను ప్రేమించే మగవాణ్ణి. ఇవాళ దానికి పేపర్లో రాసుకునే మాటలు ఉన్నాయి. ఆ రోజుల్లో మాకు తెలిసినవన్నీ తిట్లే. మిషన్ ఆసుపత్రిలో పనిచేసేవాడికి ఉద్యోగం, ఉండే క్వార్టరు, వెళ్ళే చర్చి గుడి, చచ్చాక పూడ్చే చోటు, అన్నీ ఒకే గోడ లోపల ఉంటాయి. ఒక్కటి పోతే అన్నీ పోతాయి. మా అమ్మ నాతోనే క్వార్టరులో ఉండేది. గేటు దగ్గర మల్లెచెట్టు పెట్టుకుని, ఇక ఎక్కడికీ కదిలేది లేదని అందరితో చెప్పుకునేది. నేను రాత్రి పడుకునేముందు ఆ రోజు ఎవరితో ఏం మాట్లాడానో, ఎటు చూసి నవ్వానో మళ్ళీ ఒకసారి మనసులో వేసుకుని చూసుకునేవాణ్ణి. ఎక్కడైనా జారానా అని.

ఉదయగిరిలో ఒక మనిషి ఉండేవాడు. మిషన్ వాళ్ళ హాస్టల్ ఒకదానికి వార్డెను, పిల్లలకు పాటలు నేర్పేవాడు. సెలవు దొరికిన ఆదివారం గుడి అయ్యాక నేను ఉదయగిరి బస్సెక్కేవాణ్ణి. ఇద్దరం దుర్గం మెట్లు కొంతవరకు ఎక్కి, నీడ ఉన్నచోట కూర్చుని, సాయంత్రం బస్సుకు దిగేవాళ్ళం. అంతకంటే ఇక్కడ రాయను. అది మా ఇద్దరిదీ. ఒకసారి అక్కడి కొయ్యపనివాళ్ళ దగ్గర ఒక చెక్క చెమ్చా కొనిచ్చాడు. పిడి మీద సన్నటి ఆకులు చెక్కి ఉండేవి. దాన్ని ల్యాబులో టీ కలుపుకోవడానికి పెట్టుకున్నాను. మేట్రనమ్మ దాన్ని చూసి, "ఉదయగిరిదా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆ వారమంతా ఆ ఒక్క ప్రశ్నను తిప్పి తిప్పి చూసుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు ఆ హాస్టల్లో ఎవరో ఏదో చూశామన్నారు. ఏం చూశారో నాకు నేటికీ తెలియదు. హాస్టల్ పిల్లల గురించి మాత్రం కాదు, అది వాళ్ళే అన్నారు. విచారణ లేదు, సంజాయిషీ లేదు. పొద్దున అతన్ని పిలిచి ట్రంకుపెట్టె సర్దుకోమన్నారట. పిల్లలు పాటల క్లాసుకు వచ్చి కూర్చుని ఉంటే, వాళ్ళ ముందునుంచే పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడట. నా దగ్గరికి రాలేదు. వస్తే నాకు చుట్టుకుంటుందని రాలేదు. ఎక్కడికి పోయాడో కనుక్కునేందుకు నాకు ధైర్యం చాలలేదు. ఆ మనిషి కోసం బహిరంగంగా ఏడ్చే హక్కు కూడా నాకు లేకపోయింది. ఆ దుఃఖం ఇంకా అక్కడే ఉంది.

ఆ కబురు బస్సుల మీద ఆత్మకూరు వచ్చింది. ఆదివారాలు ఉదయగిరి బస్సెక్కే మనిషి ఎవరో కాంపౌండులో అందరికీ తెలుసు. ఎవరూ నాతో ఏమీ అనలేదు. ఒక నర్సు నా చేతి నుంచి టీ గ్లాసు అందుకోకుండా, బల్ల మీద పెట్టమని కళ్ళతో చూపించింది. అంతే. ఆ రోజే చెమ్చా తీసి సొరుగులో, పాత రిపోర్టు కాగితాల కింద తోసేశాను.

మర్నాడు మేట్రనమ్మ ల్యాబులోకి వచ్చి నా టీ గ్లాసు వంక చూసింది. నేను పెన్సిలుతో కలుపుకుంటున్నాను.

"ఆ చెక్క చెమ్చా ఏమైందిరా?"

"పోయిందమ్మా."

"పొయ్యిందా, దాచిపెట్టినావా?"

మైక్రోస్కోపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను, అది ఎక్కడికో కదిలిపోతున్నట్టు. ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఇన్నాళ్ళూ ఉండింది ఇప్పుడు కనపడకపోతే, అనుమానం లేనోడు కూడా వెతుకుతాడు. తీసి వాడుకో" అని వెళ్ళిపోయింది. ఆవిడకు తెలుసని అప్పుడు నాకు ఖాయమైంది. చెమ్చా తీశాను. టీ కలిపాను. ఎవరొచ్చినా కనిపించేట్టు దాన్ని గ్లాసులోనే నిలబెట్టి ఉంచాను.

ఇక ఆ పొద్దున. ప్రార్థన వంతు సెక్రటరీగారిది. ఆసుపత్రి ఆఫీసు వ్యవహారమంతా చూసే మనిషి. ఆయన్ని నేను చెడ్డవాడనను. వరదలొచ్చిన ఏడు సంగం వైపు పల్లెలకు మోకాటిలోతు బురదలో బియ్యం మోశాడు. తను చేసేది దేవుడి పనేనని మనసారా నమ్మాడు. అందుకే ఆయనంటే నాకు అంత భయం.

మా గుళ్ళు ఎరగనివాళ్ళకు ఒకటి చెప్పాలి. మా దగ్గర ఒక మనిషి మీద నేరుగా నింద వేస్తే గొడవవుతుంది, రుజువడుగుతారు. అదే ప్రార్థనలో పెడితే ఎవరూ అడ్డం రారు. దేవుడితో మాట్లాడుతున్నవాణ్ణి ఆపేదెవరు? 'ప్రభువా, ఫలానా సహోదరి నోటికి కావలి ఉంచు' అంటే ఆ సహోదరి చాడీలు చెబుతోందని ఊరంతటికీ చెప్పినట్టే. ఆమె కళ్ళు మూసుకుని, తల వంచి వినాల్సిందే. చివర్లో తను కూడా ఆమెన్ అనాల్సిందే.

సెక్రటరీగారు రోగుల కోసం, డాక్టరుగారి కోసం, వానల కోసం ప్రార్థించారు. తర్వాత గొంతు మారింది. నాకు ముందే తెలిసిపోయింది. కళ్ళు తెరిచాను. ఎదురుగా మేట్రనమ్మ కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. అన్ని తలలు వంగి ఉన్న ఆ వరండాలో మా ఇద్దరి ముఖాలే పైకి ఉన్నాయి.

"ప్రభువా, మా మధ్య ఒక సహోదరుడు ఉన్నాడు. తన చేతులతో రోగుల రక్తం తీస్తున్నాడు. ఆ చేతులు నీ యెదుట అపవిత్రమైనవి. అతని పేరు నీవెరుగుదువు. నీ సన్నిధిలో మేమూ ఆ పేరు ఎత్తుచున్నాము..."

నా పేరు ఆయన నాలుక మీదికి వచ్చింది. నోటి ఆకారంలో నాకది కనిపించింది. పేరు బయటపడితే ఇక ఆసుపత్రి కమిటీ కూర్చుని తేల్చనక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. సాయంత్రానికి మా అమ్మ మల్లెచెట్టు వంక చూస్తూ గిన్నెలు సర్దుతుంది.

"ఆమెన్" అంది మేట్రనమ్మ.

గట్టిగా, రోజూ ప్రార్థన చివర అన్నట్టే అంది. అంతే, వరండాలో ఉన్నవాళ్ళందరూ ఆమెన్ అన్నారు. నర్సులు, ఆయాలు, ఫార్మసీ, కిచెను, వ్యాను, అందరూ. అలవాటు అలాంటిది. నేనూ అన్నాను. నోరు తెరిచి ఉన్న సెక్రటరీగారు కూడా ఆమెన్ అన్నారు. తలలు లేచాయి, కళ్ళు తెరుచుకున్నాయి. "డ్యూటీకి" అంది ఆవిడ. చెప్పుల చప్పుడుతో అందరూ ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు. సెక్రటరీగారు అక్కడే నిలబడిపోయారు. పూర్తికాని ప్రార్థనను ఏం చెయ్యాలో మా ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

కాసేపటికి ఆవిడ ల్యాబులోకి వచ్చి స్టూలు మీద కూలబడింది. మంచినీళ్ళు అడిగింది. గ్లాసు ఇస్తే పట్టుకోలేకపోయింది. నేనే తాగించాను.

"దేవుడితో మాట్లాడతా ఉంటే మధ్యలో కోసినాను రా" అంది. "మా నాయన చచ్చిపోతా ఉన్నప్పుడు కూడా నేనా పని చెయ్యలా."

నేను థాంక్స్ చెప్పబోయాను. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ సంగతి తప్పనే నేను అనుకుంటా ఉండా. అది నాకు ఎవురూ మార్చలేరు, నువ్వూ అడగబాక. కానీ తప్పుకి తిండి తీసెయ్యమని బైబిల్లో నాకు ఎక్కడా కనపడలా. కనపడిందేమో, నేను చదవలేదేమో. అదే నా భయం."

ఆవిడను అంత భయంగా నేను ఎప్పుడూ చూడలేదు. నా భయం మనుషులంటే. ఆవిడ భయం అంతకంటే పైది. ఆవిడకు నా కోసం అంత భయపడాల్సిన అవసరం ఏముంది? నాకు ఏడుపు వచ్చింది. "ఏడవబాక, స్లైడు మీద పడతాయి" అని కసిరి లేచి వెళ్ళిపోయింది.

ప్రార్థనలో ఆగిన పేరు ఆ వారమే కమిటీలో ఎలాగూ బయటికొచ్చింది. కమిటీ కూర్చునే గదికీ నా ల్యాబుకీ మధ్య చెక్క అడ్డు. నేను మైక్రోస్కోపు మీద కన్ను పెట్టి, ఏమీ చూడకుండా, అంతా విన్నాను.

సెక్రటరీగారు బైబిలు తెరిచి వాక్యం చదివారు. ఎక్కడో ఢిల్లీలో ఇలాంటివాళ్ళ కోసం కోర్టుకు వెళ్ళారని పేపర్లో చూశానన్నారు. రేపు వీళ్ళను పనిలోంచి తీయకూడదని చట్టం కూడా తెస్తారని, అప్పుడు మన సొంత ఆసుపత్రిలో మనకే నోరు లేకుండా పోతుందని, ఆలోపే కాంపౌండు శుభ్రం చేసుకోవాలని అన్నారు. రోగులు ఆ చేతులకు జబ్బలు ఎలా చాపుతారన్నారు. అయ్యగారు మెత్తటి మనిషి. గొడవ లేకుండా తనే రాజీనామా రాసిస్తే మంచి సర్టిఫికెట్ ఇద్దామన్నారు. నాకు సెక్రటరీగారి కోపం కంటే ఆ మెత్తదనమే ఎక్కువ భయం వేసింది. ఎందుకంటే అడిగితే నేను రాసిచ్చేసేవాణ్ణి.

"డ్యూటీలో ఏం తప్పు చేసినాడు?" మేట్రనమ్మ గొంతు.

డ్యూటీ సంగతి కాదమ్మా, పాపం సంగతి, అన్నారు సెక్రటరీగారు.

"పాపం సంగతి అయ్యగారు చూసుకుంటారు. గుడి ఉండాది, ప్రభువు బల్ల ఉండాది, అక్కడ ఏం చేసుకుంటారో చేసుకోండి, నేను అడ్డం రాను. ల్యాబు సంగతి చెప్పండి."

అప్పుడు ఆవిడ తన తండ్రి సంగతి చెప్పింది. కుర్చీ జరిగిన చప్పుడైంది, లేచి నిలబడినట్టుంది.

"మా నాయన వెట్టి మాని గుడికి పొయ్యినాడని ఊళ్ళో పని పీకేసినారు. కోతలకి పిలవలా, కళ్ళంలోకి రానీలా. మా అవ్వ పొయ్యి అడిగింది, నా బిడ్డ పనిలో ఏం తప్పు చేసినాడని. పనిలో తప్పు లేదు, వాడి చెయ్యే మైల అన్నారంట. మీ ఇళ్ళల్లో కూడా ఈ కథ ఉండాది గదా సెక్రటరీ గారూ. మొన్న మీ ప్రార్థనలో ఆ చేతులు అన్నారు చూడండి, నాకు మా అవ్వ గొంతు వినపడింది. అందుకని ఆమెన్ అన్నాను. దేవుడు శిక్షిస్తే పడతాను."

చివరికి డాక్టరుగారు ఒక మాటన్నారు. పనిలో రుజువైన తప్పుకు తప్ప ఎవరినీ తీసెయ్యకూడదని ఆసుపత్రి రూల్సులో చేర్చుకుందామని. మేట్రనమ్మ ఇంకొకటి కూడా చేర్చమంది. ప్రార్థనలో విన్నది రుజువు కాదని. దేవుడి మీదే రూలు పెడతారా అని అయ్యగారు ఒప్పుకోలేదు. మొదటిది మాత్రం నిలిచింది. అందులో నాలాంటివాళ్ళ మాట ఒక్కటి కూడా లేదు, ఆ మాట పలకడానికే వాళ్ళకు నోరు రాలేదు. అయినా ఆ నీడలోనే నేను ఆ దశాబ్దమంతా పనిచేశాను. తర్వాత హిందువును పెళ్ళి చేసుకున్న నర్సునొకామెను తీసెయ్యబోతే, ఆమెనూ అదే రూలు నిలబెట్టింది.

గుళ్ళో మాత్రం నా శిక్ష నాకు పడింది. ప్రభువు బల్ల రోజు రొట్టె, ద్రాక్షరసం పళ్ళెం వరస వెంబడి వచ్చి, నా దగ్గర ఆగకుండా పక్కవాడికి వెళ్ళిపోయేది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న మేట్రనమ్మ తన గిన్నె తను తాగేది. కళ్ళు తెరుచుకునే, నన్ను చూస్తూనే తాగేది. నా కోసం ఆవిడ మానలేదు. మానుతుందని నేనూ అనుకోలేదు. కానీ మర్నాడు పొద్దున వరండాలో నాకు ఎదురుగానే నిలబడేది. రక్తం తీయించుకోవడానికి జంకిన రోగి ఉంటే, ఆవిడే ముందు తన జబ్బ చాపి, "తియ్యి ల్యాబూ, నాకూ షుగరు చూడు" అనేది. ఆవిడకు షుగరు ఎప్పుడూ లేదు.

రిటైరయ్యాక వింజమూరులో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ దశాబ్దం చివర్లో జబ్బు చేసిందని, కాళ్ళకు నీరు వచ్చిందని తెలిసింది. రక్తపరీక్షకు ఆత్మకూరు దాకా తీసుకురాలేమని వాళ్ళు కబురు చేస్తే, సిరంజి, సీసాలు సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు నేనే వెళ్ళాను.

ముందుగదిలో మంచం మీద ఉంది. గంజి చీర లేదు, తాళాలు లేవు. జబ్బ మీద నరం దొరికి, సీసాలోకి రక్తం తీసేసరికి చాలాసేపు పట్టింది. తమ్ముడి కోడలు వంటింట్లో టీ పెడుతోంది. మేట్రనమ్మ ఇంటి కప్పు వంక చూస్తూ, "ల్యాబూ, ఆ ప్రార్థన ఇంకా అట్టనే ఉండాది" అంది.

ఏ ప్రార్థన అని నేను అడగలేదు.

"సగంలో నేను కోసినాను. పైకీ పోలా, కిందికీ రాలా. నేను పొయ్యి నిలబడినప్పుడు అదే ముందు అడుగుతాడు. దానిని ఎవురితోనూ పూర్తి చేయించలేను. నువ్వు చెయ్యి."

ఆవిడ భయపడుతోంది. ఇన్నేళ్ళూ భయపడుతూనే ఉందని నాకు అప్పుడు అర్థమైంది. నా ఉద్యోగం నిలబెట్టిన ఆ ఒక్క మాటను ఆవిడ గుండెల మీద రాయిలాగా మోసింది. తప్పు కాదమ్మా అని చెబుదామనుకున్నాను. నా మాట అక్కడ చెల్లదు. ఆవిడ అడిగింది ఓదార్పు కాదు.

నేను తల వంచాను. "ప్రభువా, మా మధ్య ఒక సహోదరుడు ఉన్నాడు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆవిడ వేలితో మంచంపట్టె మీద కొట్టింది, గట్టిగా చెప్పమన్నట్టు. గొంతు పెంచాను. "తన చేతులతో రోగుల రక్తం తీస్తున్నాడు."

అప్పుడు వంటింటి వైపు కోడలు కనిపించింది. టీ గ్లాసులతో వచ్చి, ప్రార్థన జరుగుతోందని గుమ్మంలోనే ఆగిపోయింది. అందరికీ తెలిసినా, నా నోటితో నేను ఒప్పుకున్నది ఎన్నడూ లేదు; వింజమూరులో ఒక నోట పడితే ఆత్మకూరుకు ఎంతసేపు? అమ్మ ఇంకా క్వార్టరులోనే ఉంది. ఇక్కడ ఆపేసి, అందరినీ చల్లగా చూడమని ఏదో ఒకటి అనేసి ముగించవచ్చు. నా నాలుక దానికే లేచింది. మంచం మీదికి చూశాను. మేట్రనమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నేనెరిగిన ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఇక చూసేందుకు నేను తప్ప ఎవరూ లేరనిపించింది. కళ్ళు తెరిచే ఉంచి, కోడలి వైపు చూస్తూనే, నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. "ప్రభువా, ఉదయగిరిలో ఒక మనిషిని ప్రేమించినవాడు ఇతనే. ఇతను చేసిన దానికి నీవే తీర్పు తీర్చు. ఇతని పని మాత్రం ఇతని దగ్గరే ఉంచు. దీనిని మధ్యలో ఆపిన నీ సేవకురాలిని ఏమీ అనకు" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. "ఆమెన్."

"ఆమెన్" అంది గుమ్మంలో కోడలు, గ్లాసులు ఒలకకుండా పట్టుకుని, కళ్ళు మూసుకునే. ఏం విని అన్నదో, అలవాటు కొద్దీ అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

అందరికంటే చివర మేట్రనమ్మ అంది, "ఆమెన్."

కాసేపు అలాగే పడుకుని, కళ్ళు తెరవకుండానే నా సంచి వైపు చెయ్యి ఊపింది. "రక్తం గడ్డకడతాది, ఏంది అట్టా నిలబడినావు? డ్యూటీకి పో, ల్యాబూ."